బాబాయి చూసిన మాడ్రిడ్

రిటైరైన ఇంజనీర్లు సాధారణంగా తాము నిలబెట్టిన యంత్రాల గురించి రాస్తారు. నేను కాల్చేసిన ఒక బేరింగ్ గురించి రాస్తాను. అది కాలింది మాచర్ల దగ్గర, మంచి ఎండాకాలంలో. దానికి నిప్పు రాజుకున్నది మాత్రం మాడ్రిడ్‌లో, నా కడుపులో. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను చూసి, "ఆ రోజుల్లోనే స్పెయిన్ వెళ్ళి భాష నేర్చుకొచ్చారటగా సార్" అని గౌరవంగా అడుగుతుంటారు. వెళ్ళాను. నాలుగు నెలలున్నాను. కానీ ఆ ఊరిని చూసింది నేను కాదు.

ఎనభైల్లో మా సిమెంటు ఫ్యాక్టరీకి కొత్త కిల్న్ స్పెయిన్ నుంచి తెప్పించారు. కిల్న్ అంటే సున్నపురాయిని కాల్చే పొడవాటి ఇనుప గొట్టం. రోలర్ల మీద పడుకుని మెల్లగా తిరుగుతూ ఉంటుంది. తయారుచేసిన కంపెనీ వాళ్ళకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మా నుంచి ఇద్దరిని పంపితే పొద్దున భాష, మధ్యాహ్నం పని నేర్పుతామన్నారు. చదవగలిగినవాడు ఒకడు, చెయ్యగలిగినవాడు ఒకడు వెళ్ళాలని మా మేనేజరు తేల్చాడు. చదవగలిగినవాణ్ణి నేను. నరసరావుపేటలో పొలాలున్న ఇంట్లో పుట్టి, గుంటూరులో డిప్లొమా చేసి, ఫ్యాక్టరీలో ఇంగ్లీషు ఉత్తరాలన్నీ నా చేతే రాయించుకునేంత పేరు తెచ్చుకున్నాను. చెయ్యగలిగినవాడు మాచవరం వైపు నుంచి వచ్చిన ఒక ఫిట్టరు మేస్త్రి. వాళ్ళ నాన్న రాళ్ళు కొట్టేవాడు. ఈయన అయిదో తరగతి దాటలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఫ్యాక్టరీ మొత్తం ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. నేను మాత్రం మేస్త్రీ అనేవాణ్ణి.

బయల్దేరే ముందు మేనేజరు మాతో ఒక మాట అన్నాడు. తిరిగొచ్చాక కొత్త కిల్న్ దగ్గర ఒక ఫోర్‌మన్ పోస్టు ఉంటుందని, అక్కడ బాగా నేర్చుకుంటే అది మేస్త్రిదేనని. స్పానిష్ వాళ్ళకీ మనవాళ్ళకీ మధ్య మాట నడిపే కో-ఆర్డినేటర్ పని ఎలాగూ నాదే. అంటే మా ఇద్దరికీ పోటీయే లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నేను చేసినదానికి పోటీ అనే సాకు కూడా లేదు.

మాడ్రిడ్‌లో మమ్మల్ని ఒక ముసలావిడ ఇంట్లో పెట్టారు. భర్త పోయినావిడ, రెండు గదులు అద్దెకిస్తుంది. నేను దిగిన రోజే కిటికీ పక్కన బల్ల చూసుకుని, నిఘంటువు, నోటు పుస్తకం, పెన్సిళ్ళు సర్దుకున్నాను. మేస్త్రి చెప్పులు వేసుకుని వంటింట్లోకి పోయాడు. అరగంట తర్వాత చూస్తే ఆవిడ పక్కన నిలబడి బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాడు.

"ఏంది మేస్త్రీ, మనకేం పని అక్కడ?"

"ఊరికే కూకుంటే ఏం తెలుస్తది సారూ? పిన్నమ్మ ఒక్కతే చేసుకుంటా ఉంటే."

పిన్నమ్మ! మూడో రోజుకల్లా వీధి వీధంతా చుట్టాలైపోయారు. రొట్టెలమ్మే ఆవిడ అక్కయ్య, పేపర్ల కొట్టాయన మామ, మార్కెట్లో చేపలు కోసేవాడు బాబాయ్. మన పల్నాడులో బస్సులో పక్క సీటు వాణ్ణి కూడా ఏదో ఒక వరస పెట్టి పిలవందే మాట మొదలుకాదు కదా, ఈయన ఆ అలవాటును విమానంలో పెట్టుకుని వచ్చాడు. ఆ పిలుపు ఏమిటని వాళ్ళు అడిగేవాళ్ళు. మా నాన్న తమ్ముడివి నువ్వు అని చేతులతో, వచ్చిన నాలుగు ముక్కలతో వివరించేవాడు. చేపలవాడికి అది ఎంత నచ్చిందో, ఎదురు తనే ఈయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టాడు. పక్క కొట్లవాళ్ళూ అందుకున్నారు. నాకు సిగ్గుతో తల వాలిపోయేది. మర్యాదగా సెన్యోర్, సెన్యోరా అనాలని పుస్తకంలో అచ్చయి ఉంది మరి.

ఆ ఊళ్ళో మధ్యాహ్నం రెండింటికి కొట్లన్నీ షట్టర్లు దించేవారు. "మన గురజాల బజారే సారూ, అన్నం తిని పడుకోబోయారు" అని మురిసిపోయేవాడు. ఆదివారం వీధుల్లో పెద్ద సంత జరిగేది. పాత స్పానర్లు, తాళాలు, గడియారాలు నేల మీద పోసి అమ్మేవాళ్ళు. వర్క్‌షాపు లేని రోజు ఈయన అక్కడే. మెట్రో రైలెక్కి చివరి స్టేషను దాకా పోయి, అక్కడ దిగి నడుచుకుంటూ వచ్చేవాడు. అక్కడి ఎర్రటి మిరపపొడి చూసి చెంచాడు నోట్లో వేసుకుని, "ఇది కారమేంది సారూ, రంగు!" అని తిట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న మన కారం చిటికెడు చేపలవాడికి రుచి చూపించాడట. వాడు ఏడ్చి, నీళ్ళు తాగి, తేరుకుని, మార్కెట్లో అందరినీ పిలిచి తలా ఒక చిటికెడు పెట్టించాడట. ఇదంతా నాకు ఆయన చెప్పగా తెలుసు. ఆ సమయానికి నేను బల్ల దగ్గర క్రియలు వల్లె వేస్తున్నాను.

ఇక క్లాసు సంగతి. జపాన్ వాళ్ళు, జర్మన్లు, మొరాకో వాళ్ళు, మేమిద్దరం. డిక్టేషన్‌లో ఎప్పుడూ నేనే ఫస్టు. మేస్త్రి కాగితం మీద అక్షరాల కంటే కొట్టివేతలు ఎక్కువ. రోమన్ అక్షరాలే ఆయనకు సరిగా పట్టుబడలేదు. వారంలో రెండు రోజులు క్లాసుకు ఎగనామం కూడా పెట్టేవాడు. కానీ రోజూ మొదటి పావుగంట టీచరమ్మ అందరినీ ఒక ప్రశ్న అడిగేది. నిన్న ఏం చేశారు? నేను లేచి, "నిన్న నేను చదువుకున్నాను" అనేవాణ్ణి. మర్నాడు, "నిన్న సాయంత్రం కూడా నేను శ్రద్ధగా చదువుకున్నాను." తప్పు ఒక్కటి ఉండేది కాదు. సంగతీ ఉండేది కాదు. ఆవిడ "చాలా బాగుంది" అని పక్కకు తిరిగేది. మేస్త్రి లేచాడంటే క్లాసంతా కుర్చీలు ఇటు తిప్పుకునేది. భూతకాలం భవిష్యత్తులో కలిపేసి, రాని మాటకు చేతులు వాడి, మెట్రోలో మేక మాంసం మూట పోగొట్టుకున్న ముసలాయన కథ చెప్పేవాడు. జర్మన్ కుర్రాడు కళ్ళు తుడుచుకునేవాడు. టీచరమ్మ తప్పులు దిద్దడం మర్చిపోయి, "తర్వాత?" అనేది. నన్ను ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆవిడ "తర్వాత?" అని అడగలేదు.

దాచుకోవడమెందుకు, కుళ్ళిపోయాను. ఒళ్ళు మండిపోయేది. అన్నం సయించేది కాదు. ఇన్నేళ్ళు కష్టపడి చదివి, ఫస్టు క్లాసులు తెచ్చుకుని, చివరికి అయిదో తరగతి మనిషి మీద ఏడవాల్సి వచ్చిందే అని ఇంకొంచెం ఏడ్చేవాణ్ణి. మధ్యాహ్నం వర్క్‌షాపులోనూ అదే వరస. అక్కడి పెద్ద మేస్త్రి అరవైకి దగ్గరపడిన లావుపాటి మనిషి, ఎవరితోనూ పెద్దగా కలవడు. ఆయన బేరింగ్ మీద ఇనుప కడ్డీ ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని లోపలి చప్పుడు వినేవాడు. మా మేస్త్రి సరిగ్గా అదే పని మాచర్లలో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. మొదటి రోజే ఇద్దరూ ఒకే కడ్డీ మార్చుకుంటూ వింటుంటే, చేతిలో నోటు పుస్తకంతో నేను పక్కన నిలబడ్డాను.

ఒక ఆదివారం నాకూ పౌరుషం వచ్చింది. ఆయనేనా ఊరు చూసేది అని ఒక్కణ్ణే బయల్దేరాను. మెట్రోలో తప్పు వైపు ఎక్కి గంట పోగొట్టుకున్నాను. చివరికి ఆ మార్కెట్టు కనుక్కుని, చేపలవాడి ముందు నిలబడి, రాత్రంతా తయారుచేసుకున్న వాక్యం చెప్పాను. శుభోదయమని, తాజా చేపలు ఏవని, చాలా సంతోషమని. వాడు చేతులు తుడుచుకుని ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. నాకు ప్రతి మాటా అర్థమైంది. అయ్యాక నా భుజం మీదుగా వెనక్కి చూసి, "బాబాయ్ ఏడి? రాలేదా?" అన్నాడు.

ఆ సాయంత్రమే రాశాను.

మా ఇద్దరి గురించీ మేనేజరుకు వారానికొక రిపోర్టు ఇంగ్లీషులో పంపాలి. రాసేది నేనే. అప్పటిదాకా మేస్త్రి గురించి "బాగా నేర్చుకుంటున్నాడు" అని ఒక ముక్క రాసి వదిలేసేవాణ్ణి. ఆ వారం, "క్లాసుకు సక్రమంగా రావడం లేదు. రాతపరీక్షలో చివరి స్థానం. ఎక్కువ సమయం ఊరు తిరగడంలో గడుపుతున్నాడు" అని రాశాను. తర్వాత వారం కూడా. ఆ తర్వాత వారం కూడా. ఒక్క అబద్ధం లేదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళకు ఇది ముఖ్యంగా చెబుతున్నాను. మనిషిని ముంచడానికి అబద్ధం అక్కర్లేదు, నిజాలు మూడు ఏరుకుని, నాలుగోది వదిలేస్తే చాలు. వర్క్‌షాపు పెద్దాయన తన కడ్డీ ఇచ్చి వినమనేది ఆయన ఒక్కడికేనన్న సంగతి నేను రాయలేదు.

తిరిగొచ్చాక ఫోర్‌మన్ పోస్టు ఎవరికీ ఇవ్వలేదు. మేస్త్రిని కిల్న్ దగ్గర పెట్టనేలేదు. ఆరు కిలోమీటర్ల అవతల క్వారీలో రాళ్ళు నలిపే క్రషర్ మీదికి పంపారు. కారణం ఆయనకెవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. నేను కో-ఆర్డినేటర్‌ని అయ్యాను.

కొన్ని నెలలకు కిల్న్ ముక్కలు వచ్చాయి. వాటితోపాటు నిలబెట్టించడానికి మాడ్రిడ్ వర్క్‌షాపు పెద్దాయనే వచ్చాడు. జీపు దిగుతూనే అడిగాడు, బాబాయ్ ఏడని. వేరే సెక్షన్‌లో ఉన్నాడు, తీరిక లేదు అన్నాను. నాలుగైదుసార్లు అడిగి మానేశాడు. ఒక మధ్యాహ్నం మేస్త్రే క్వారీ నుంచి సైకిల్ మీద వచ్చాడు. చేతిలో క్యారియర్ ఉందని వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. కిల్న్ సైటులోకి రావాలంటే పాసుండాలి. పాసు మీద సంతకం చేసేది నేను.

"బాబాయొచ్చాడండీ, ఆ దొరగారికి ఏదో వండుకొచ్చాడంట. పంపమంటారా?"

"పాసుందా?"

"లేదండీ."

"లేకపోతే ఎలా పంపుతావు?" అని ఫోన్ పెట్టేశాను. ఎండలో ఆరు కిలోమీటర్లు మళ్ళీ తొక్కుకుంటూ పోయాడు.

అంతటితో ఆగితే బాగుండేది. సైటులో మనవాళ్ళు ఆ పెద్దాయన చేతి సైగలు చూసే పని చేసుకుపోవడం మొదలుపెట్టారు. నాకు భయం పట్టుకుంది. వీళ్ళకు నేనక్కర్లేకపోతే నా నాలుగు నెలల చదువేం కావాలి? అందరినీ పిలిచి గట్టిగా చెప్పాను. నా నోటి నుంచి వస్తే తప్ప ఎవడూ ఏ మాటా పట్టించుకోకూడదు, స్విచ్చు ముట్టుకోకూడదు అని. ఒకరిద్దరి మీద మెమోలు కూడా రాశాను. అందరూ బుద్ధిగా లోబడ్డారు.

కిల్న్‌ను మొదటిసారి చిన్న మోటారుతో తిప్పి చూసే రోజు వచ్చింది. కొబ్బరికాయలు కొట్టారు, గుమ్మడికాయ దిష్టి తీశారు, తిప్పారు. గంట సేపు బాగానే తిరిగింది. నేను మేనేజరు గదిలో కూర్చుని కాఫీ తాగుతూ జరిగిందంతా వివరిస్తున్నాను. అక్కడ కింద పెద్దాయన ఒక్కో రోలర్ బేరింగ్ మీద చెయ్యి వేసి చూసుకుంటూ మూడో రోలర్ దగ్గర ఆగాడు. నూనె అందడం లేదు. చెయ్యి కాలింది. ఆపమని అరిచాడు, రెండు చేతులూ ఊపాడు. పసిపిల్లాడికైనా అర్థమయ్యే సైగ. స్విచ్చు దగ్గరున్న మనిషికి అర్థమైంది కూడా.

"దొరగారు ఆపమంటన్నాడు, సారు చెప్పాలిగా!" అని స్విచ్చు వదిలేసి నా కోసం ఆఫీసు వైపు పరుగెత్తాడు.

నేను వచ్చేసరికి ఆ లావుపాటి మనిషి కిల్న్ పొడవునా పరుగెత్తి, మెట్లెక్కి, తనే స్విచ్చు నొక్కాడు. అప్పటికే మూడో బేరింగ్ నుంచి పొగ. లోపల పూతగా ఉండే మెత్తటి లోహం, వైట్ మెటల్, కరిగి నల్లగా కిందికి కారింది. ఆయన మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూ నా వైపు చూశాడు. లేచి గెస్ట్‌హౌస్‌కి పోయి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజరూ నేనూ వెంట వెళ్ళాం. నేను క్షమాపణ చెప్పాను. నా జన్మలో అంత చక్కటి స్పానిష్ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన చొక్కా మడతపెడుతూ అంతా విని, మేనేజరుకు చెప్పమని ఒకే మాట అన్నాడు. బాబాయ్‌ని పిలిపించండి, లేదంటే హైదరాబాదుకు కారు పిలిపించండి. ఆ మాటను తెలుగు చేసి చెప్పాల్సిందీ నేనే.

జీపు క్వారీకి పోయి, ఒళ్ళంతా రాతి దుమ్ముతో ఉన్న మేస్త్రిని తెచ్చింది. గుమ్మంలో ఆయన్ని చూడగానే పెద్దాయన చేతిలో చొక్కా వదిలేసి ఏదో తిట్టు తిట్టి గట్టిగా వాటేసుకున్నాడు. తెల్ల చొక్కా అంతా బూడిదరంగైపోయింది.

ఆ మధ్యాహ్నం మేనేజరు గదిలో విచారణ. "ఇంత పనిమంతుణ్ణి క్రషర్ మీద ఎవరు పెట్టారయ్యా?" అని గర్జించాడు. పర్సనెల్ ఆఫీసరు ఫైలు తెచ్చి, మీరే కదండీ అని గొణిగి, నా ఉత్తరాలు మూడూ బల్ల మీద పెట్టాడు. వాటికి కవర్లు కూడా గుచ్చి ఉన్నాయి. మేనేజరు చదివి, మేస్త్రికి తెలుగులో చెప్పాడు. మేస్త్రి ఒక్క మాట ఎదురు చెబితే చాలు, నా పని అయిపోయేది.

మేస్త్రి కవర్ల వైపే చూస్తూ, "నిజమేనండీ. తిరిగా. సారు అబద్ధం రాయలా" అన్నాడు.

బయటికి వచ్చాక వరండాలో, "మేస్త్రీ" అని ఏదో మొదలుపెట్టాను. ఆయన ఆపేశాడు.

"ఆ కవర్లు నేనే పోస్టు చేశా సారూ. పోస్టాఫీసు యాడుందో మీకు తెలవదుగా. ప్రతి వారం కౌంటర్లో అక్కయ్యని అడిగి చానా మంచి స్టాంపులు ఏరి అంటిచ్చా, మేనేజరు గారి పిల్లలు దాచుకుంటారని." చెప్పులు తొడుక్కుంటూ, "వాళ్ళు పీకనే లేదు. అట్టానే ఉన్నయ్" అనేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

స్పేర్ బేరింగ్‌ను చేత్తో గీకి సరిచెయ్యడానికి ఎనిమిది రోజులు పట్టింది. నీలం రంగు పూసి, ఎక్కడ ఆనుతోందో చూసి, వెంట్రుకవాసి గీకి, మళ్ళీ పూయాలి. వాళ్ళిద్దరూ గీకారు, నేను రంగు డబ్బా పట్టుకున్నాను. ఆ ఎనిమిది రోజులూ మేస్త్రి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పెద్దాయనతో మాత్రం నోరు మూయకుండా మాట్లాడాడు, నవ్వాడు. చేపలవాడు రెండో కొట్టు పెట్టాడట. పిన్నమ్మ మోకాళ్ళ నొప్పులకు మందు మార్చిందట. నాకు ప్రతి మాటా, ప్రతి విభక్తీ అర్థమైంది. నన్ను తిట్టుకుంటారేమోనని చెవులు రిక్కించి విన్నాను. తిట్టుకున్నా బాగుండేది. వాళ్ళ మాటల్లో నేను లేనే లేను.

కిల్న్ నడిచింది. మేస్త్రి ఫోర్‌మన్ అయ్యాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, డ్రాయింగుల గదిలోకి మార్చారంతే. ఆయన నన్ను పట్టివ్వకుండా వదిలేసినందుకు కృతజ్ఞత కలగాలి కదా? నిజం చెబుతున్నాను, దానికీ ఏడ్చాను. ఆ పెద్దమనసు కూడా ఆయనకే ఉండాలా అని.

చాలా నెలల తర్వాత ఒక సెలవు రోజు పొద్దున మా క్వార్టరు తలుపు తట్టి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి ఒక ఉత్తరం చాచాడు. మాడ్రిడ్ ఇంటావిడ రాసింది.

"నాకు మాట్లాడటం వచ్చుగాని చదవటం రాదుగా సారూ. చదివి పెట్టండి."

కూర్చోమన్నాను. చదివాను. వీధిలో అందరి పేరునా కబుర్లున్నాయి. బాబాయి ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారని, కారం అయిపోయిందని, మళ్ళీ ఎప్పుడొస్తావని. ఆఖరి పేజీ అడుగున రెండు వరసలు మిగిలాయి. అక్కడ ఆగిపోయాను.

"ఏంది, ఆపేశారు? ఏమంటది పిన్నమ్మ?"

నేను వాటిని మింగేసి ఉండవచ్చు, ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ చదివాను.

"నీతోపాటు వచ్చిన ఆ రెండో అతను, ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటూ ఉండేవాడు. అంతలా ఏం రాసేవాడో. రాయడం అయిందా, లేక ఇంకా రాస్తున్నాడా?"

మేస్త్రి నా మొహంలోకి చూశాడు. ఆ మూడు కవర్లూ మా ఇద్దరి మధ్యా బల్ల మీద ఉన్నట్టే అనిపించింది. తర్వాత జేబులో నుంచి కొత్త కవరు తీసి నా ముందు పెట్టి, "ఇంకా కాలేదని రాయండి సారూ" అన్నాడు.

"ఇంకేం రాయమంటావు బాబాయ్?" అన్నాను. ఆ పిలుపు నా నోట రావడం అదే మొదటిసారి.

ఆయన చెప్పుకుంటూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. ఒక్క ముక్క వదల్లేదు. కవరు అంటించి ఇస్తే, పోస్టాఫీసుకు తనే తీసుకుపోయాడు.